నిలిపిన కారులో కెమెరా: కరెంటు లెక్క, హక్కుల లెక్క

స్త్రీల భద్రత అనగానే అందరూ ప్రయాణం గురించే మాట్లాడతారు. బస్సులో ఏం జరిగింది, ఆటోలో ఏం జరిగింది, రాత్రి ఎన్ని గంటలకు బయలుదేరింది, తోడు ఎవరున్నారు? ఈ ప్రశ్నలన్నీ కదిలే బండి చుట్టూ తిరుగుతాయి. కానీ సంఘం పనిమీద ఊళ్ళు తిరిగే మనలాంటి వాళ్ళకు బెదిరింపు ఎక్కువగా వచ్చేది బండి నడిచేటప్పుడు కాదు, నిలిపినప్పుడు. మనం లోపల సమావేశంలో కూర్చుని ఉంటాం. బండి బయట ఒంటరిగా ఉంటుంది. మన మీద కోపమున్న వాళ్ళకు ముందు దొరికేది అదే. మనిషి మీద చెయ్యి వేస్తే కేసవుతుంది. బండి మీద వేస్తే ‘ఎవరో ఆకతాయి పిల్లలు’ అని తేల్చేస్తారు.

నేను పనిచేసేది కోడుమూరు ప్రాంతంలో. కర్నూలు నుంచి బళ్ళారి వైపు పోయే దారిలో ఉన్న ఊరు. లద్దగిరి, వర్కూరు, ప్యాలకుర్తి, గోరంట్ల – చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా కారును బడి ముందో, రోడ్డు పక్క వేపచెట్టు కిందో నిలిపి లోపలికి నడిచిపోవాలి. మీటింగు మొదలయ్యేది కూలిపనులు ముగించుకుని ఆడవాళ్ళు ఇళ్ళకు చేరాక. ముగిసేసరికి రాత్రి తొమ్మిదో, పదో. ఒకసారి ఒక ఊళ్ళో పదిహేనేళ్ళ పిల్ల పెళ్ళి ఆపించే విషయంగా పోయి బయటికి వచ్చేసరికి రెండు టైర్లు కోసి ఉన్నాయి. ఊరంతా అక్కడే ఉంది, ఎవరూ చూడలేదు. ఫిర్యాదు రాసిన చోట మొదటి ప్రశ్న కూడా అదే: ‘ఎవరు చూసినారమ్మా?’

సీమ వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. జీపు ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని అక్కడే కాపు కాయడం ఇక్కడి ముఠా కక్షలకు పాత అలవాటు. ఆడవాళ్ళ విషయంలో దీని అర్థం ఎంత ఘోరంగా ఉండగలదో 2019 నవంబరు 27న షంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద దేశమంతా చూసింది. ఒక యువ పశువైద్యురాలు తన స్కూటరును అక్కడ నిలిపి వేరే బండిలో వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోగా నిందితులు టైరులో గాలి తీసేశారని పోలీసులు చెప్పారు. నిలిపిన బండి దగ్గరికి ఆడమనిషి తిరిగి రాక తప్పదు. ఆ సంగతి ఆధారంగానే వల పన్నారు. స్కూటరుకు కెమెరా ఉంటే ఆమె బతికేదని నేను అనడం లేదు. ఆ మాట అబద్ధం. బండి నిలిపి ఉన్న ఆ కొద్ది గంటలు ఎంత ప్రమాదమో గుర్తించాలని మాత్రమే అంటున్నాను.

ఆ టైర్ల సంఘటన తర్వాత మా సంస్థ కారుకు డాష్‌క్యామ్ పెట్టించాం. ముందు అద్దానికి లోపలి వైపు అతికించే చిన్న కెమెరా ఇది. చాలా సంస్థలు ఇప్పుడు పెట్టిస్తున్నాయి. అయితే దీన్ని తయారు చేసింది ప్రధానంగా రోడ్డు ప్రమాదాల కోసం. సిగరెట్ లైటర్ సాకెట్‌లో తీగ గుచ్చితే పనిచేస్తుంది. చాలా కార్లలో తాళం తీయగానే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది. అంటే సరిగ్గా మనకు కాపలా కావలసిన వేళకే కాపలాదారు నిద్రపోతాడు. మేలుకుని ఉండాలంటే దానికి కారు ఆగి ఉన్నప్పుడు కూడా కరెంటు కావాలి. ఆ కరెంటు ఎక్కడి నుంచి, ఎంతసేపు, ఎవరి నిర్ణయం మీద? ఇది మెకానిక్‌కు వదిలేసే విషయంలా కనిపిస్తుంది. వదిలేయకూడదన్నదే నా వాదన.

ముందు లెక్క చూద్దాం. ఈ లెక్క మనకు రాదని మగవాళ్ళు అనుకుంటారు, మనం కూడా అనుకుంటాం. చీటీల లెక్కలు, పొదుపు సంఘాల వడ్డీ లెక్కలు నోటితో చెప్పే ఆడవాళ్ళకు ఇది పెద్ద కష్టం కాదు. చిన్న పెట్రోలు కారులో సాధారణంగా 12 వోల్టుల, 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని 35 బిందెల నీళ్ళ తొట్టి అనుకోండి. కెమెరా సుమారు 4 వాట్లు తీసుకుంటుందనుకుంటే గంటకు మూడో వంతు బిందె ఖర్చు. పది గంటలకు మూడు బిందెలకు కొంచెం ఎక్కువ. రోజుకు ఎనిమిది. రెండు రోజులకు పదహారు, అంటే సగం తొట్టి. ఇది కొత్త బ్యాటరీ మాట. మూడు, నాలుగేళ్ళు వాడిన బ్యాటరీలో తొట్టే చిన్నదైపోతుంది. పైగా కారు స్టార్ట్ కావడానికి ఒక్కసారిగా చాలా కరెంటు కావాలి. తొట్టి అడుగున రెండు బిందెలుంటే చాలదు.

ఈ లెక్క ఎవరూ వేయనందువల్ల ఏమవుతుందో మాకు త్వరలోనే తెలిసింది. కెమెరా బిగించిన షాపతను ఫ్యూజు పెట్టె నుంచి నేరుగా కరెంటు ఇచ్చి పంపాడు. ‘ఇరవై నాలుగు గంటలూ తిరుగుతాదక్కా’ అని గొప్పగా చెప్పాడు. రెండు రోజుల శిక్షణ శిబిరానికి కారు శనివారం సాయంత్రం నిలిపాం. సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకు బయలుదేరబోతే తాళం తిప్పితే టిక్కుమనడమే తప్ప ఇంజను కదలలేదు. ‘సెల్ఫ్ తీసుకోల్యాక్కా, బ్యాటరీ సచ్చిపోయిండాది’ అంది మా డ్రైవరు పిల్ల. ఆరుగురం చీరలు ఎగదోపుకుని కారును తోసి స్టార్ట్ చేయించాం. అంతకుముందు అరగంటసేపు ఆ చీకటి రోడ్డు మీద నిలబడి ఉన్నాం. మమ్మల్ని కాపాడాలని పెట్టిన కెమెరాయే మమ్మల్ని అక్కడ నిలబెట్టింది. అప్పటికి దాని కన్ను కూడా మూతబడింది.

అందుకని నేను చెప్పే మొదటి సూత్రం: బయలుదేరే హక్కు ముందు, సాక్ష్యం తర్వాత. కారు ఎప్పుడైనా స్టార్ట్ కావాలి. మిగిలిన కరెంటుతోనే కెమెరా నడవాలి. దీనికి మార్గం ఉంది. హార్డ్‌వైర్ కిట్ అని ఒక చిన్న పరికరం దొరుకుతుంది. దానికి సాధారణంగా మూడు తీగలు. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు, ఒకటి తాళంతో పాటు కరెంటు వచ్చే ఫ్యూజుకు, మూడోది కారు ఇనుప బాడీకి. రెండో తీగ ద్వారా కారు నడుస్తోందా, ఆగి ఉందా అన్నది కెమెరా తెలుసుకుంటుంది. 12 వోల్టులను కెమెరాకు కావలసిన 5 వోల్టులకు దించేది కూడా ఈ కిట్టే. అన్నిటికంటే ముఖ్యం, బ్యాటరీ ఒక హద్దుకు దిగగానే అది కెమెరాకు కరెంటు ఆపేస్తుంది.

ఆ హద్దు ఎంత అన్నదే అసలు ప్రశ్న. కారు ఆపి కాసేపయ్యాక చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం. 11.8 అంటే దాదాపు ఖాళీ. చాలా కిట్లలో ఈ హద్దును మార్చుకోవచ్చు. బిగించేవాళ్ళు కెమెరా ఎక్కువసేపు నడవాలని 11.8 దగ్గర పెట్టేస్తారు. రాత్రిపూట తిరిగే మన బండ్లకు, అందులోనూ పాత బ్యాటరీలకు, 12.2కి తగ్గకుండా పెట్టించుకోవాలి. కెమెరా కొన్ని గంటలు తక్కువ నడుస్తుంది. నడవనీయండి. బ్యాటరీని అడుగంటా వాడడం దాని ఆయుష్షుకు కూడా మంచిది కాదు. మరో మాట: తీగ తీసే ప్రతిచోటా చిన్న ఫ్యూజు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు జోలికి పోకూడదు. ఫ్యూజు లేకుండా తీగ కోసి అతికిస్తే షార్టయి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

కారు బ్యాటరీని ముట్టకుండా ఉండాలంటే కెమెరాకే వేరే బ్యాటరీ పెట్టుకోవచ్చు. కారు నడిచేటప్పుడు అది నిండుతుంది, ఆగినప్పుడు కెమెరాను నడుపుతుంది. పద్ధతి మంచిదే కాని ఖరీదు ఎక్కువ. చవకగా పోతుందని ఫోన్ల పవర్ బ్యాంకును డాష్‌బోర్డు మీద పెట్టేవాళ్ళున్నారు. మన ఎండల్లో అది వద్దు. మే నెలలో కర్నూలులో 42, 43 డిగ్రీలు మామూలే. ఎండలో మూసి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటవచ్చు. లిథియం బ్యాటరీకి ఛార్జింగు సాధారణంగా 45 డిగ్రీల వరకే క్షేమం. ఉబ్బుతుంది, పగులుతుంది, అంటుకోవచ్చు. కెమెరా కొనేటప్పుడు కూడా లోపల బ్యాటరీ కాకుండా కెపాసిటర్ ఉన్నదాన్నే అడగండి.

ఇక రెండో లెక్క. మేలుకుని ఉన్న కన్ను ఎవరిని చూస్తోంది? మన కారు ఆగేది ఎక్కువగా ఎస్సీ కాలనీల ముందు, కుళాయి దగ్గర, చేనేత వీధుల మొదట్లో. తడిక చాటున స్నానం చేసే ఆడవాళ్ళు, తెల్లవారుజామున చెంబు పట్టుకుని పోయే ఆడవాళ్ళు ఆ దారినే పోతారు. భర్త కొడుతున్నాడని చెప్పుకోవడానికి చీకటిపడ్డాక కొంగు కప్పుకుని మన దగ్గరికి వచ్చే మనిషి కూడా ఆ కెమెరా ముందు నుంచే నడిచి వస్తుంది. ఎవరెవరు మీటింగుకు వచ్చారో, ఎప్పుడు వచ్చారో మొత్తం ఆ కార్డులో ఉంటుంది. అది తప్పుడు చేతిలో పడితే గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేయాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్న మనిషిని మనమే పట్టించిన వాళ్ళమవుతాం. ఒకరి చాటు క్షణాలను చిత్రించడాన్ని నేరంగా 2013లో భారత శిక్షాస్మృతిలో చేర్చారు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను. ఆ చట్టం కోసం వీధుల్లో నిలబడిన వాళ్ళలో మనమూ ఉన్నాం.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. అది తడిక ఇంటి ఆడమనిషికి కూడా వర్తిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సొంత అవసరానికి సమాచారం వాడుకునే వ్యక్తులకు మినహాయింపు ఇచ్చింది. సంస్థ పేరున నడిచే బండికి ఆ మినహాయింపు దొరకదు. ఇతర దేశాల్లో కూడా ఈ చర్చ జరిగింది. 2018 మే 15న జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ఒక రోడ్డు ప్రమాదం కేసులో తీర్పు చెబుతూ, ఆగకుండా రికార్డు చేయడం డేటా రక్షణ చట్టానికి విరుద్ధమే అంది. అయినా ఆ దృశ్యాన్ని ఆ కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. దెబ్బ తగిలినప్పుడు మాత్రమే కొద్దిసేపటి దృశ్యాన్ని దాచే పద్ధతి మేలన్న సూచన అందులో ఉంది.

ఇక్కడ కరెంటు లెక్క, హక్కుల లెక్క ఒక్కటవుతాయి. నిలిపిన కారులో కెమెరా మూడు రకాలుగా పనిచేయగలదు. ఆగకుండా రికార్డు చేయడం ఒకటి. ముందు ఏదైనా కదిలితే రికార్డు చేయడం రెండోది. కారు కుదిపితేనో, దెబ్బ తగిలితేనో లేచి రికార్డు చేయడం మూడోది. మొదటిది కరెంటును ఎక్కువ తాగుతుంది, ఊరి ఆడవాళ్ళందరినీ చూస్తుంది. మూడోది చాలా తక్కువ తాగుతుంది, మన బండి మీద చెయ్యి వేసినవాణ్ణే ప్రధానంగా చూస్తుంది. దీనిలో లోటు లేకపోలేదు. నిద్ర నుంచి లేచేలోగా మొదటి కొన్ని క్షణాలు పోవచ్చు, టైరులో నెమ్మదిగా గాలి తీస్తే తెలియకపోవచ్చు. అయినా ఊళ్ళలో మీటింగులకు పోయినప్పుడు నేను మూడో పద్ధతినే కోరుకుంటాను. హెచ్చరిక వచ్చిన ఊళ్ళో, ఆ ఒక్క రాత్రికి, స్థానిక సంఘం ఆడవాళ్ళకు చెప్పి మొదటి పద్ధతి పెట్టుకోవచ్చు. కారు మీద ‘ఇందులో కెమెరా ఉంది’ అని తెలుగులో కాగితం అంటించాలి. చదువురాని వాళ్ళకు నోటితో చెప్పాలి.

కారు లోపలి వైపు చూసే కెమెరా, మాటలు రికార్డు చేసే మైకు గురించి మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. మాటలు ఆపేయాలి. దారిలో బాధితురాళ్ళు కారులో కూర్చుని ఏడుస్తారు, పేర్లు చెబుతారు. కొన్ని నేరాల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడమే నేరం. ఇంకో కోణం కూడా ఉంది. ఫీల్డు కార్యకర్త ఎక్కడ ఎంతసేపు ఆగింది, ఎవరితో మాట్లాడింది అని ఆఫీసులో కూర్చుని చూసుకోవడానికి ఈ పరికరం బాగా పనికొస్తుంది. భద్రత పేరున పెట్టి నిఘాకు వాడితే, ఇంట్లో మగవాడు చేసే పనే సంస్థ చేసినట్టవుతుంది.

మూడో సంగతి సాక్ష్యం. చాలా కెమెరాలకు సమయం గుర్తుండాలంటే కరెంటు కావాలి. పూర్తిగా ఆగిపోయి మళ్ళీ లేస్తే కొన్నిటిలో తేదీ మొదటికి పోతుంది. తప్పు తేదీ ఉన్న వీడియో అవతలి వకీలుకు పండగ. అందుకే వారానికొకసారి తేదీ, సమయం సరిచూసుకోవాలి. కార్డు నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది కాబట్టి, సంఘటన జరిగిన వెంటనే కెమెరా ఆపి కార్డు బయటికి తీయాలి. భారతీయ సాక్ష్య అధినియం 2024 జులై 1 నుంచి అమలులో ఉంది. దాని 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ ఇచ్చేటప్పుడు రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి. ఒకటి సమర్పించేవారిది, రెండోది నిపుణుడిది. ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ అందులో రాయాలి. పాత చట్టంలో 65బి సెక్షను కింద, 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు, కాపీ ఇస్తే సర్టిఫికెట్ తప్పనిసరి అనీ, అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టులో రుజువు చేస్తే అక్కరలేదనీ చెప్పింది. కాబట్టి అసలు కార్డును వాట్సాప్‌లో పంపి తుడిచేయడం కాదు. కవరులో పెట్టి, తేదీ వేసి, ఇద్దరు సంతకాలు చేసి దాచాలి. పోలీసులకు ఇస్తే రసీదు తీసుకోవాలి.

ఇదంతా చెప్పాక ఒక హెచ్చరిక. మన కెమెరా మన చేతి నుంచి ఖర్చు పెట్టుకున్న కాపలా. దీనివల్ల ప్రభుత్వం బాధ్యత తీరిపోదు. మనలో కారు ఉన్నవాళ్ళు ఎందరు? మన సభ్యురాళ్ళలో అత్యధికులు బస్సెక్కేవాళ్ళు, షేర్ ఆటో ఎక్కేవాళ్ళు, నడిచేవాళ్ళు. వాళ్ళకు కావలసింది వీధిలో వెలిగే లైటు, వేళకు వచ్చే చివరి బస్సు. కెమెరాకు కరెంటు ఇవ్వడం ఎవరి బాధ్యతో సుప్రీంకోర్టు ఒకచోట స్పష్టంగానే చెప్పింది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి పోలీసు స్టేషనులోనూ రాత్రి చూపు, శబ్దం ఉన్న కెమెరాలు పెట్టాలంది. కరెంటు లేనిచోట సౌర విద్యుత్తుతోనో, గాలి విద్యుత్తుతోనో ఏర్పాటు చేయడం రాష్ట్రాల విధి అంది. అలాగే 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త టాక్సీలు, బస్సుల్లో జాడ తెలిపే పరికరం, ఆపద బటను ఉండాలన్న నిబంధన వచ్చింది. బండి కరెంటు పోయినా ఆ పరికరం 4 గంటలు నడిచేలా సొంత బ్యాటరీ ఉండాలని దాని ప్రమాణంలోనే రాశారు. ఆటోలను మాత్రం ఆ నిబంధన నుంచి మినహాయించారు. మన ఊళ్ళ ఆడవాళ్ళు ఎక్కేది ఆటోలే! ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి ఉంది. అంత కరెంటు పుట్టే సీమలో కూడలికి ఒక దీపం అడగడం అత్యాశ కాదు.

అందువల్ల కారు ఉన్న ప్రతి సంస్థ కార్యవర్గం ఈ విషయాన్ని డ్రైవరుకో మెకానిక్‌కో వదలకుండా మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలని నా ప్రతిపాదన. కరెంటు ఎన్ని వోల్టుల దగ్గర ఆగాలి, కెమెరా ఏ పద్ధతిలో నడవాలి, మైకు ఆపారా, కార్డు ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్ని రోజులకు తుడిచేస్తారు, చూడాలంటే ఎవరి అనుమతి కావాలి? ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు ఒక్క పేజీలో పడతాయి. ఆ పేజీ రాసేటప్పుడు డ్రైవరు, ఫీల్డు కార్యకర్తలు, వీలైతే మనం పోయే ఊళ్ళ సంఘాల నుంచి ఇద్దరు ఆడవాళ్ళు గదిలో ఉండాలి. బ్యాటరీ వోల్టేజి చూసే మీటరు రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. కెమెరా కొనేముందు అది కొనండి, దాన్ని చదవడం అందరికీ నేర్పండి.

కెమెరాను పూర్తిగా వద్దనే మిత్రులు కూడా మనలో ఉన్నారని తెలుసు. నిఘా ఏ రూపంలో వచ్చినా చివరికి ఆడవాళ్ళ మీదికే తిరుగుతుందన్న వాళ్ళ వాదనలో బలం ఉంది. వాళ్ళూ రాయాలి. మీ సంస్థల్లో ఈ విషయం ఎలా తేల్చుకున్నారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో మీరూ రాయండి. రాత్రి పది గంటలకు కోడుమూరు రోడ్డు మీద కారు తాళం తిప్పే ఆడవాళ్ళకు ఆ అనుభవాలు పనికొస్తాయి.